మోకాలి ఆపరేషను తరువాత మన కర్తవ్యం

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఆరోగ్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను డాక్టర్ను కాను. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విరమించినవాణ్ణి. అయితే మోకాలి ఆపరేషను చేయించుకున్నవాణ్ణి. చేయించుకున్న తరువాత పెద్ద తప్పు చేసి, దాని ఫలితం అనుభవించినవాణ్ణి. ఆ తప్పు మీ ఇళ్లలో జరగకూడదన్నదే నా ఉద్దేశం. అందుకని పుస్తకాల సంగతి తరువాత, ముందు నా సంగతే మనవి చేస్తాను.

2006లో, నా 43వ ఏట, బడి మైదానంలో పిల్లలకు కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎట్లా మళ్లాలో చూపిస్తున్నాను. పాదం నేలమీదే ఉంది, ఒళ్లు తిరిగింది. మోకాల్లో ‘టప్’మని శబ్దమైంది. ఎవరూ నన్ను తాకలేదు, తోయలేదు. సాయంత్రానికి మోకాలు బుడగలా వాచింది. నెల రోజులు తైలాలు రాశాం, కట్లు కట్టించాం. వాపు పోయింది గాని, మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకు జారిపోయేది. చివరకు పరీక్ష చేయించగా లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందన్నారు. అప్పుచేసి ఆపరేషను చేయించుకున్నాను. ఆపరేషను బాగా జరిగింది. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదానికి డాక్టర్ల తప్పేమీ లేదు.

ఇంటికి వచ్చాను. మా అమ్మీ నా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. “కాస్త వంచుకుని పడుకో బేటా, హాయిగా ఉంటుంది” అన్నది. నిజంగానే హాయిగా ఉండేది. మంచం దగ్గరికే అన్నం, మంచం దగ్గరికే పాయా షోర్వా. మా బేగం నన్ను నీళ్లకు కూడా లేవనిచ్చేది కాదు. ఆసుపత్రివారిచ్చిన కాగితంలో చేయవలసిన కసరత్తులన్నీ రాసి ఉన్నాయి. నేను దాన్ని మడిచి బీరువాలో పెట్టాను. ‘ఆపరేషను అయిపోయింది గదా, ఇక కాలమే నయం చేస్తుంది’ అనుకున్నాను. ఐదు వారాలు అట్లా గడిచాయి.

లేచి నిలబడేసరికి కాలు తిన్నగా చాపడానికి రాలేదు. పదిహేను డిగ్రీలు తక్కువ. అటు పూర్తిగా మడవడానికీ రాలేదు. తొడ ఎండిపోయి, లుంగీ కట్టుకుంటే ఎడమకాలు కుర్రవాడి కాలులాగా కనిపించేది. కుంటుకుంటూ బడికి పోతే, నా వెనుక పిల్లలు అట్లాగే నడిచి నవ్వుకోవడం నా చెవిన పడింది. మసీదులో చివరి వరుసలో కుర్చీ వేసుకుని నమాజు చదివేవాణ్ణి. రోగికి ఆ వెసులుబాటు ఉన్నదని ఇమాంసాహెబు ధైర్యం చెప్పారు. నా బాధ కుర్చీని గురించి కాదు. లేవగలిగిన కాలిని నేనే పడుకోబెట్టానన్నదే నా బాధ.

ఇంతకూ మోకాల్లో తెగేది ఏమిటి? మనవాళ్లు ‘నరం తెగింది’ అంటారు. అది నరం కాదు. ఎముకకూ ఎముకకూ మధ్య కట్టిన గట్టి పట్టీ, దాన్నే లిగమెంటు అంటారు. మోకాలికి ఇటువంటివి ముఖ్యమైనవి నాలుగున్నాయి. ఇరుపక్కలా రెండు, లోపల ఒకదానికొకటి అడ్డంగా రెండు. లోపలివాటిలో ముందరిదాన్ని ఏ.సి.ఎల్. అంటారు. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచేది అదే. ఆటగాళ్లకు ఎక్కువగా తెగేదీ అదే.

అది పూర్తిగా తెగితే సాధారణంగా కుట్టి సరిచేయరు. మన తొడ వెనుక కండ చివర నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో తాడులాంటి టెండన్ ముక్క తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, దాన్ని కొత్త లిగమెంటుగా బిగిస్తారు. ఈ రోజుల్లో ఇది చిన్న రంధ్రంలోంచి దూర్బీనువంటి గొట్టం పంపి చేస్తున్నారు. ఆ గొట్టంతో మోకాలి లోపల వైద్యం చేయవచ్చునని చూపినవారిలో ముఖ్యుడు జపానుకు చెందిన డాక్టర్ మసాకి వతనాబె. 1962లోనే ఆయన ఆ పద్ధతిలో లోపలి గుజ్జు ముక్కను తీశాడు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది: వాచిన మోకాలు తొడ కండను నిద్రపుచ్చుతుంది. కీలులో నీరు చేరితే, అక్కడినుంచి వెళ్లే సంకేతాల వలన తొడ ముందరి కండకు ఆజ్ఞ సరిగా అందదు. మనం బిగించాలని ఎంత అనుకున్నా అది బిగుసుకోదు. సోమరితనమని ఇంట్లోవాళ్లు తిట్టనక్కరలేదు. ముందు వాపు తగ్గించాలి, కండను మళ్లీ లేపాలి. రెండవది: పెట్టిన కొత్త టెండన్ మొదట్లో రక్తప్రసారం లేని ముక్క. శరీరం దాన్ని నెమ్మదిగా తనదిగా చేసుకుంటుంది. ఈ మార్పు జరిగే కాలంలో, రమారమి ఆరో వారం నుంచి మూడో నెల దాకా, అది పెట్టిననాటి కంటె బలహీనంగా ఉంటుంది. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోయి, ‘నేను బాగైపోయాను’ అని మనిషికి అనిపిస్తుంది. ఈ మోసాన్ని గూర్చి మళ్లీ చెబుతాను.

కండను లేపడమెట్లాగన్న ప్రశ్నకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒక మంచి జవాబు దొరికింది. అమెరికాలో షికాగో నగరంలోని గార్డినర్ సైనిక ఆసుపత్రి నిండా మోకాళ్లు దెబ్బతిన్న సైనికులుండేవారు. తేలిక బరువులతో చాలాసార్లు కాలు ఆడించడం అప్పటి పద్ధతి. నెలలు గడిచినా వారికి బలం వచ్చేది కాదు. అక్కడ పనిచేసే థామస్ డిలోర్మ్ అనే యువ డాక్టరు చిన్నప్పుడు జబ్బుచేసి మంచం పట్టి, లేచాక బరువులెత్తి ఒళ్లు బాగుచేసుకున్నవాడు. ఆ అనుభవంతో సైనికులచేత ఎక్కువ బరువు, తక్కువసార్లు ఎత్తించాడు. కండలు త్వరగా తిరిగివచ్చాయి. 1945లో ఆ సంగతి వైద్యపత్రికలో ప్రచురించాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలతగా పెట్టుకుని, ముందు అందులో సగం, తరువాత ముప్పాతిక, తరువాత పూర్తి బరువు ఎత్తాలి. బలం పెరిగినకొద్దీ బరువు పెంచాలి. నేటికీ కసరత్తు వైద్యానికి ఆ సూత్రమే పునాది. రోజూ అదే పని అంతే చేస్తే కండ పెరగదు, నిన్నటికంటె కొంచెం ఎక్కువ అడిగితేనే పెరుగుతుంది. అయితే ఏ.సి.ఎల్. ఆపరేషను అయినవారు కాలికి ఇసుక సంచి కట్టుకుని కుర్చీలో కూర్చుని కాలు చాపే కసరత్తు మొదటి నెలల్లో సొంతంగా చేయకూడదు. అది కొత్త లిగమెంటును లాగుతుంది. ఎప్పుడు, ఎంత అన్నది ఫిజియోథెరపిస్టే చెప్పాలి.

ఇప్పుడు క్రమం చెబుతాను. ఇది సామాన్యంగా పాటించే వరుస. లోపల గుజ్జుకు కుట్లు పడినా, మరొక లిగమెంటు కూడా బాగుచేసినా లెక్కలు మారతాయి. అప్పుడు మీ డాక్టరు చెప్పిందే ప్రమాణం.

మొదటి రెండు వారాల్లో చేయవలసిన ముఖ్యమైన పని కాలు పూర్తిగా తిన్నగా చాపడం. దిండు మోకాలి కింద కాదు, మడత పెట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి. మోకాలు గాలిలో ఉండి దాని బరువుకే దిగాలి. కొంచెం లాగినట్టుంటుంది, ఉండనివ్వండి. రోజులో చాలాసార్లు తొడ కండ బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి. మోకాలు వంగకుండా కాలు తిన్నగా పైకెత్తగలిగితే కండ మేలుకున్నట్టే. పాదం పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే పిక్కల్లో రక్తం నిలవదు. వాపుకు గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టాలి, చర్మం మీద నేరుగా పెట్టరాదు. చంక కర్రలతో, చెప్పినంత బరువు మోపుతూ నడవాలి. మడమను నెమ్మదిగా జరుపుతూ మోకాలు మడవడం కూడా ఇప్పుడే మొదలు.

రెండు నుంచి ఆరు వారాల్లో కుంటకుండా నడవడం నేర్చుకోవాలి. చంక కర్రలు తొందరపడి పారేస్తే కుంటు అలవాటవుతుంది. కుంటే రోజులన్నీ కర్ర ఉంచుకోవడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. గోడ పట్టుకుని మడమలెత్తడం, కొంచెం మాత్రమే వంగి లేవడం, మోకాలు తగినంత మడిస్తే కదలని సైకిలు తొక్కడం ఇందులోకి వస్తాయి. తొడ వెనుకనుంచి టెండన్ తీసినవారు ఆ వెనుక కండను ఇప్పుడే గట్టిగా పనిచేయించకూడదు. అక్కడా ఒక గాయం ఉన్నదిగదా!

ఆరు వారాల తరువాత అసలైన బలం పని. ఇంట్లోని కుర్చీ, మెట్టు, గోడ చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, తరువాత దెబ్బతిన్న కాలిమీద ఎక్కువ బరువు వేసి లేవడం, మెట్టు ఎక్కి నెమ్మదిగా దిగడం, ఒంటికాలిపై నిలబడి నిలదొక్కుకోవడం. మోకాలు లోపలికి వాలకుండా అద్దం ముందు చూసుకోవాలి. వారానికి మూడు రోజులు బరువు పనికి, మధ్యలో ఒకరోజు కండకు విరామం. చేసిన మర్నాడు మోకాలు వాస్తే నిన్నటి పని ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు దిగండి, మానకండి. పరుగు మూడు నాలుగు నెలలకు, అదీ బలం పరీక్షించిన తరువాతే. దుముకులు, మలుపులు ఆ పైన.

రెండు కాళ్లనూ పోల్చి చూసుకోవడం మరవకండి. చిప్పకు పైన జానెడు దూరాన టేపుతో రెండు తొడలూ కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. కుర్చీలోంచి ఒంటికాలిమీద మంచికాలు ఎన్నిసార్లు లేస్తే దెబ్బకాలు ఎన్నిసార్లు లేస్తుందో రాయండి. నొప్పి లేకపోవడం బలానికి గుర్తు కాదు. లెక్కే గుర్తు.

పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరం వచ్చి గాయంలోంచి చీము కారినా కసరత్తు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పిక్కలో రక్తం గడ్డకట్టడం ప్రాణాంతకం కాగలదు.

ఇంతకూ నా కాలు ఏమైంది? ఐదో నెలలో ఒక ప్రభుత్వాసుపత్రిలో, నా కూతురి వయసున్న ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి పోయాను. ఆమె నన్ను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు అంచు బయటికి వేలాడనిచ్చి, రెండు మడమల ఎత్తులో తేడా స్కేలుతో కొలిచింది. “మాస్టారూ, ఆపరేషను డాక్టరుగారు రెండు గంటలు చేశారు. మీరు చేయవలసింది తొమ్మిది నెలలు. అందులో ఐదు నెలలు మీరు ఆబ్సెంటు” అన్నది. బడిలో వేలమందికి హాజరు వేసినవాణ్ణి, నోట మాట రాలేదు. ఏడు నెలలు ఆమె చెప్పినట్టు చేశాను. కుంటు పోయింది. నమాజులో మోకాళ్లు మడిచి కూర్చునేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ ఆ కాలు పూర్తిగా తిన్నగా చాపలేను, కొంచెం తక్కువే. మొదటి వారాల్లో సులభంగా వచ్చేది తరువాత ఎంత కష్టపడినా పూర్తిగా రాలేదు. అమ్మీని మాత్రం ఏమీ అనలేదు. కాగితం చదివి వినిపించవలసినవాణ్ణి నేను. ఆమెకు ఆ దిండు ప్రేమ.

2019 జనవరిలో మా తమ్ముడి కూతురికి, కాలేజీలో ఖోఖో ఆడే పిల్లకు, ఇదే ఆపరేషను జరిగింది. ఈసారి మొదటి రోజే దిండు తీసి అటకమీద పెట్టాను. కాగితం గోడకు అంటించాం. పిల్ల శ్రద్ధగా చేసింది. ఏప్రిల్లో యూనివర్సిటీ పోటీలు వచ్చాయి. “నొప్పి లేదు, పరిగెత్తుతున్నాను, నన్నెందుకు ఆపుతారు పెద్నాన్నా? ఆడపిల్లననే గదా!” అని ఏడ్చింది. ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగినా ఎవరూ సరిగా తినలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆడపిల్లవని కాదమ్మా అని కుర్చీ వేసి లేవమన్నాను. మంచికాలిమీద పద్దెనిమిదిసార్లు లేచింది, దెబ్బకాలిమీద తొమ్మిదిసార్లు. నోటుబుక్కులో తానే రాసుకుంది. తరువాత వాదించలేదు.

నేను ఆపింది మొండితనంతో కాదు. నార్వేలోనూ అమెరికాలోనూ ఇటువంటి ఆపరేషను అయినవారిని రెండేళ్లు గమనించి 2016లో ఒక పరిశోధన ప్రకటించారు. మలుపులుండే ఆటలకు తిరిగిపోవడం, తొమ్మిది నెలల దాకా, ఒక్కొక్క నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే ప్రమాదం సుమారు సగానికి సగం తగ్గుతూ వచ్చిందని తేలింది. దెబ్బకాలి బలం రెండో కాలి బలంలో కనీసం తొంభై శాతం ఉండాలన్నది వారి పరీక్షల్లో ఒకటి. మా పిల్ల నవంబరులో, పరీక్షలన్నీ నెగ్గి, మైదానంలో దిగింది. క్రికెట్ ఆటగాడు రిషభ్ పంత్ సంగతి మీకు తెలిసిందే. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగాయి. మళ్లీ పోటీలో బ్యాటు పట్టింది 2024 మార్చిలో. దేశంలోని గొప్ప వైద్యం అందినవాడికే పద్నాలుగు నెలలు దాటితే, మనకు మూడు నెలలెట్లా చాలుతాయి?

తెగినవారందరికీ ఆపరేషను తప్పనిసరి కాదని కూడా చెప్పాలి. స్వీడనులో 121 మంది యువతీయువకులపై జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో, కొందరికి వెంటనే ఆపరేషను చేశారు. 59 మందికి ముందు కసరత్తు చేయించి, అవసరమైతేనే ఆపరేషను అన్నారు. రెండేళ్లలో ఆ 59 మందిలో 23 మందికే ఆపరేషను అవసరమైంది, రెండు వర్గాల ఫలితాలూ దాదాపు సమానం. ఎవరికి ఏది తగునో డాక్టరు నిర్ణయించాలి. కాని ఆపరేషను ఉన్నా లేకున్నా కసరత్తు మాత్రం తప్పదని దీనివలన తేలుతున్నది.

నమాజు గురించి చాలామంది అడుగుతారు. కుర్చీలో కూర్చోవడానికి మోకాలు తొంభై డిగ్రీలు మడిస్తే దాదాపు సరిపోతుంది. నేలమీద మోకాళ్లు మడిచి కూర్చోవాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా నూటముప్పై దాటాలి. కనుక తొందరపడి బలవంతంగా కూర్చోవద్దు. తొందరేమీ లేదని ఎల్లకాలం కుర్చీకి అంటుకుపోవద్దు. డాక్టరు అనుమతించాక మెత్తటి పరుపుమీద, చేతుల ఆసరాతో కొద్దికొద్దిగా సాధించుకోవాలి. పాయా తినడం మంచిదేనా అని కూడా అడుగుతారు. తినండి. గుడ్డు, పప్పు, మాంసం, పాలు ఏవైనా కండకు కావలసినవే. కాని కసరత్తు చేయని తొడకు షోర్వా ఒక్కటీ బలం ఇవ్వదు.

పరదా వెనుక ఉన్న అక్కచెల్లెళ్ల పక్షాన మగవాళ్లకు ఒక మాట. ఇంట్లో మగవాడికి ఆపరేషను అయితే లేవనివ్వరు. ఆడమనిషికి అయితే పదిహేనో రోజుకే పొయ్యి దగ్గర నిలబెడతారు. రెండూ తప్పే. ఆమెకు ఉదయం అరగంట, సాయంత్రం అరగంట తలుపు మూసుకుని కసరత్తు చేసుకునే వీలు కల్పించండి. ఆ గంటసేపు పిల్లల్ని మీరు పట్టుకోండి. అది ఆమె మందు.

చివరగా సంఘానికి నా మనవి. ఆపరేషనుకు సాయం అడిగినవారికి మనం చేతనైనంత ఇస్తున్నాం, సంతోషం. తరువాతి తొమ్మిది నెలలను ఎవరూ అడగరు, మనమూ అడగం. మన గదిలో ఒక కదలని సైకిలు, నాలుగు జతల చంక కర్రలు, ఒక కొలతటేపు పెడదాం. స్త్రీలకు వేరే వేళ కేటాయిద్దాం. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోవడానికి ఆటో ఖర్చు లేనివారికి అది ఇద్దాం. నావంతుగా శుక్రవారం తప్ప ప్రతి సాయంత్రం అస్ర్ నమాజు తరువాత గదిలో ఉంటాను. డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చుకున్నవారికి అందులోది చదివి, పక్కన నిలబడి లెక్కపెడతాను. హాజరు కూడా వేస్తాను. ఆబ్సెంటైనవారి ఇంటికి వస్తాను, ఇది మాత్రం ముందే చెబుతున్నాను.